శుద్ధి తరువాత రెండు నిమిషాలు

నయోబియం అనే మాట మన తెలుగు శాఖ గోడ మీద ఇంతవరకు పడి ఉండదు. పడాల్సిన అవసరం కూడా రాలేదు. మనకు ప్రబంధాలున్నాయి, శతకాలున్నాయి, పరీక్షల ముందు రాసుకునే సంధులున్నాయి. అయినా ఈసారి ఈ లోహం గురించే రాస్తున్నాను. దీన్ని ఎలా కాలుస్తారో చదువుతూ ఉండగా, ఏడాదిగా నన్ను గుచ్చుతున్న ఒక ప్రశ్నకు కొంత జవాబు దొరికింది. ఆ ప్రశ్న "నాది అసలు తెలుగేనా?" అన్నది.

పోయిన టర్ములో ఫిజిక్స్ శాఖవాళ్ళు కణ త్వరణ యంత్రాల మీద ఒక ప్రసంగం పెట్టారు. యాక్సిలరేటర్లు అంటారే, అవి. బీఎస్సీ చదివే స్నేహితురాలికి తోడుగా వెళ్ళాను. సగం అర్థమైంది, సగం కాలేదు. కానీ తెర మీద చూపించిన ఒక బొమ్మ మాత్రం కళ్ళల్లో ఉండిపోయింది. తొమ్మిది పెద్ద పూసలను ఒక గొట్టానికి గుచ్చినట్టు ఉంది, మీటరు పొడవు, వెండి కన్నా కొంచెం మసక రంగు. దాని పేరు కేవిటీ. లోపల అంతా డొల్ల. తరువాత లైబ్రరీలో దొరికింది చదివాను, ఆ స్నేహితురాలిని అడిగి అడిగి విసిగించాను. నాకు అర్థమైనంత ఇక్కడ చెప్తాను.

ఆ పూసల లోపల విద్యుత్ క్షేత్రం సెకనుకు 130 కోట్ల సార్లు అటూ ఇటూ మారుతుంది. మధ్యలో ఉన్న దారి గుండా ఎలక్ట్రాన్లు పోతాయి. ఉయ్యాలలో ఉన్న పిల్లను సరిగ్గా సమయం చూసి తోస్తే ఊపు పెరుగుతుంది కదా, అట్లాగే ఒక్కో పూస దాటేటప్పుడు ఎలక్ట్రాను ఒక తోపు అందుకుంటుంది. ఇలాంటి కేవిటీలను వరుసగా పెడితే అది యాక్సిలరేటరు. జర్మనీలో హాంబర్గ్ దగ్గర 2017లో మొదలైన యూరోపియన్ ఎక్స్‌ఫెల్‌లో ఇవి దాదాపు 800 ఉన్నాయి. అక్కడ ఎలక్ట్రాన్ల నుంచి ఎక్స్ కిరణాలు పుట్టించి, ప్రోటీన్లు ఎలా ఉంటాయో, అణువులు ఎలా కదులుతాయో చూస్తారు.

రాగితో కూడా కేవిటీ చేయొచ్చు. కానీ రాగి గోడల్లో విద్యుత్తు వేడిగా మారి పోతుంది. నయోబియం మైనస్ 264 డిగ్రీల దగ్గర అతివాహకం అవుతుంది. ద్రవ హీలియంలో మైనస్ 271 దాకా చల్లబరిచి వాడతారు. అప్పుడు నష్టం రాగితో పోలిస్తే లక్షో వంతు కన్నా తక్కువ. ఆ నష్టాన్ని కొలవడానికి క్యూ అనే అంకె ఉంది. మంచి కేవిటీకి అది వెయ్యి కోట్లు. వెయ్యి కోట్లు అంటే నాకు మొదట ఏమీ తోచలేదు. సెకనుకు ఒకసారి ఊగే ఉయ్యాలకు క్యూ అంత ఉందనుకోండి, ఒకసారి తోసి వదిలేస్తే నూరేళ్ళ తరువాత కూడా మొదటి ఊపులో మూడో వంతుకు పైగా మిగిలి ఉంటుంది. మా ముత్తవ్వ తోసిన ఉయ్యాల ఈరోజు నేను చూడొచ్చు.

అయినా ఆ మిగిలిన చిన్న నష్టమే పెద్ద బాధ. అంత చలిలో ఒక వాటు వేడి పుడితే, దాన్ని బయటికి తీసుకురావడానికి ఇక్కడ ఇంచుమించు వెయ్యి వాట్ల కరెంటు ఖర్చవుతుంది. అందుకే అక్కడివాళ్ళ పని అంతా ఆ ఒక్క వాటును సగం చేయడం ఎలా అన్నదే. దానికి వాళ్ళు పట్టుకున్న ముఖ్యమైన ఉపాయాల్లో ఒకటి, లోహాన్ని కాల్చడం.

కాల్చడం గురించి చెప్పే ముందు పేరు గురించి ఒక మాట. మనం ఆర్ట్స్ వాళ్ళం, పేరు వదిలిపెట్టలేము. 1801లో చార్లెస్ హాచెట్ ఈ మూలకాన్ని కనుక్కుని కొలంబియం అన్నాడు. చాలా ఏళ్ళు దీన్నీ టాంటలం అనే ఇంకో లోహాన్నీ ఒకటే అనుకున్నారు. రెండూ కలిసే దొరుకుతాయి, విడదీయడం కష్టం. 1844లో హైన్రిష్ రోజ్ ఇవి వేరువేరని చూపించి నయోబియం అని పేరు పెట్టాడు. గ్రీకు కథల్లో టాంటలస్ కూతురు నయోబీ. పిల్లలందరినీ పోగొట్టుకుని ఏడ్చి ఏడ్చి రాయైపోయిన తల్లి. పక్కనే దొరికే లోహానికి తండ్రి పేరు, దీనికి కూతురి పేరు.

ఈ విడదీసే పని ఇప్పటికీ ఆగలేదు. కేవిటీకి పనికొచ్చే నయోబియాన్ని శూన్యంలో ఎలక్ట్రాన్ పుంజంతో మళ్ళీ మళ్ళీ కరిగించి శుద్ధి చేస్తారు. ఎంత శుద్ధమో చెప్పే కొలతకు ఆర్ఆర్ఆర్ అని పేరు. సినిమా కాదు! మామూలు వేడిలో ఉండే విద్యుత్ నిరోధం, బాగా చల్లబడ్డాక ఉండే నిరోధానికి ఎన్ని రెట్లో ఆ లెక్క. సుమారు 300 ఉంటే మంచి సరుకు. అంత శుద్ధమైన రేకును, మూడు మిల్లీమీటర్ల లోపు మందం ఉన్నదాన్ని, గిన్నెల్లా ఒత్తి, శూన్యంలోనే అతికి పూసలు చేస్తారు. తరువాత యాసిడ్లతో నునుపు చేస్తారు, అతి శుద్ధమైన నీటితో గట్టి ఒత్తిడి మీద కడుగుతారు. చివరికి జోడించేవాళ్ళు తల నుంచి కాళ్ళ దాకా కప్పుకుని, గాలిని కూడా వడగట్టిన గదిలో పని చేస్తారు. మా అవ్వ ఊరగాయ పెట్టే రోజు గుర్తొచ్చింది నాకు. తడి చెయ్యి పెట్టకూడదు, జాడీ దగ్గర మాట్లాడకూడదు, మడి కట్టుకోనిదే లోపలికి రాకూడదు. ఈ కేవిటీలవాళ్ళ మడి ఇంకా కఠినం. ఎందుకంటే ఊగే విద్యుత్తు లోహంలో లోతుకు పోదు. లోపలి గోడ పై పొరలో, మీటరులో కోటో వంతు మందంలోనే అంతా జరుగుతుంది. మన వెంట్రుక మందంలో అది కొన్ని వందల్లో ఒక వంతు.

ఇదంతా ఇంట్లో చెప్తే మా నైనా ఒకటే అడిగాడు. "కాలుస్తారు సరే. ఎంత నేరం పెడతారు అమ్మణీ?"

మా నైనా పని చేసేది కోయంబత్తూరులో ఒక హీట్ ట్రీట్‌మెంట్ యూనిట్లో. పంపుల షాఫ్టులు, గేర్లు, మిల్లు యంత్రాల పళ్ళచక్రాలు అక్కడికి కాల్చడానికి వస్తాయి. ఇరవై రెండేళ్ళుగా ఫర్నేసు ముందే ఆయన ఉద్యోగం. చొక్కా ఉతికినా ఆ నూనె వాసన పోదు. కాలేజీలో "మీ నాన్న ఏం చేస్తారు?" అంటే "ఫ్యాక్టరీ" అని ముగించేదాన్ని, అంతకు మించి ఎవరూ అడగరు కాబట్టి. ఆయన అడిగిన ప్రశ్న సరైన ప్రశ్న అని నాకు తరువాత తెలిసింది. ఎంత వేడి అన్నది సగమే. ఎంతసేపు అన్నది మిగతా సగం.

ఇక్కడ "నేరం" గురించి చెప్పాలి. మా అమ్మది తమిళ ఇల్లు, నైనాది తెలుగు ఇల్లు. మా ఇంట్లో "నేరం" అంటే సమయం. తమిళం నుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చిందో ఎవరికీ గుర్తు లేదు. అవ్వ కూడా "నేరమైంది, పండుకో" అంటుంది. పోయిన సంవత్సరం వేరే ఊళ్ళో జరిగిన ఒక వక్తృత్వ పోటీలో నేను మాట్లాడుతూ, గంట మోగేసరికి "నాకు నేరం అయిపోయింది" అన్నాను. హాలంతా ఒకటే నవ్వు. న్యాయనిర్ణేతల్లో ఒకరు "ఏం నేరం చేశావమ్మాయ్?" అని అడిగారు, మళ్ళీ నవ్వులు. చివర్లో నా పేరు చెప్పి, "భావం బాగుంది, భాష శుద్ధంగా లేదు" అన్నారు. నవ్వు మరిచిపోయాను. ఆ "శుద్ధంగా లేదు" మాత్రం మరిచిపోలేకపోయాను. వచ్చే ఏడాది ఎం.ఏ. తెలుగుకు అప్లికేషను పెట్టాలని నా ఆశ. శుద్ధం కాని భాష పెట్టుకుని అక్కడికి వెళ్ళి ఏం చేస్తాను?

సరే, నైనా ప్రశ్నకు వస్తాను. ఎంత నేరం?

మొదటి కాల్పు 800 డిగ్రీల దగ్గర, శూన్యంలో, సుమారు మూడు గంటలు. ఇది శుద్ధి కోసం చేసే కాల్పు. నయోబియానికి ఒక బలహీనత ఉంది. హైడ్రోజన్‌ను తేలిగ్గా తాగేస్తుంది. మామూలుగా దాని మీద ఉండే సన్నని ఆక్సైడు పొర కాపాడుతుంది. యాసిడ్లో నునుపు చేసేటప్పుడు ఆ పొర పోతుంది, హైడ్రోజన్ లోపల చేరుతుంది. మామూలు వేడిలో ఏమీ తెలియదు. కేవిటీని మైనస్ 170 పరిసరాల్లో నెమ్మదిగా చల్లబరిస్తే మాత్రం ఆ హైడ్రోజన్ గుంపులు కట్టి నయోబియం హైడ్రైడుగా మారుతుంది. క్యూ పడిపోతుంది. దీనికి వాళ్ళు పెట్టిన పేరే క్యూ జబ్బు. 800 డిగ్రీల్లో కాలిస్తే హైడ్రోజన్ బయటికి వచ్చేస్తుంది, ఒత్తినప్పుడూ వంచినప్పుడూ లోహంలో చేరిన బిగువు కూడా సడలుతుంది.

రెండో కాల్పు వింటే నవ్వొస్తుంది. 120 డిగ్రీలు, 48 గంటలు. పూరీలు వేయించే నూనె దీనికన్నా వేడిగా ఉంటుంది! 1990ల చివర్లో ఫ్రాన్సులోని సాక్లే ప్రయోగశాలలో ఈ చిన్న వేడి గొప్పదనం బయటపడింది. అంతవరకు బలమైన క్షేత్రం దగ్గరికి వచ్చేసరికి కేవిటీలలో నష్టం ఒక్కసారిగా పెరిగిపోయేది. ఇలా రెండు రోజులు వెచ్చగా ఉంచితే ఆ పెరుగుదల పోయింది. ఎందుకు పోయిందని చాలా ఏళ్ళు వాదించుకున్నారు. పై ఆక్సైడు నుంచి ఆక్సిజన్ కొంచెం లోపలికి జారడం అందులో ఒక ముఖ్య కారణమని ఇప్పుడు చూపిస్తున్నారు. కారణం తెలిసేదాకా ఎవరూ ఆగలేదు. పని చేస్తోంది కాబట్టి వాడుకున్నారు. హాంబర్గ్ యంత్రంలోని కేవిటీలు ఈ 120 డిగ్రీల కాల్పు పొందినవే.

మూడోది నత్రజని కథ. నన్ను పట్టుకున్నది ఇదే. అమెరికాలో షికాగో దగ్గర ఫెర్మీల్యాబ్ ఉంది. అక్కడ అన్నా గ్రాసెలీనో అనే శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్ళు, నయోబియం గోడ మీద నయోబియం నైట్రైడు పొర కట్టాలని చూశారు. అది కూడా అతివాహకమే. వేడి ఫర్నేసులోకి నత్రజని వదిలారు. ఫలితం ఘోరం, నష్టం బాగా పెరిగింది. కానీ ఆ పై పొరను కొన్ని మైక్రాన్ల మేర తీసేసి మళ్ళీ కొలిచేసరికి, క్యూ మామూలు శుద్ధ నయోబియం కన్నా ఎంతో ఎక్కువ వచ్చింది. 2013లో ఈ సంగతి ప్రచురించారు. మేలు చేసింది పై నైట్రైడు కాదు. దాని కింద, లోహంలో అక్కడక్కడ కుదురుకున్న నత్రజని పరమాణువులు.

దాని నుంచి కుదిరిన వంటకం ఇది. 800 డిగ్రీల్లో మూడు గంటలు శూన్యం. తరువాత గాలి ఒత్తిడిలో ముప్పై వేలో వంతు ఒత్తిడితో నత్రజని, రెండు నిమిషాలు. మళ్ళీ ఆరు నిమిషాలు శూన్యం. చల్లార్చి, పైనుంచి అయిదు మైక్రాన్లు తీసెయ్యడం. అంతే. కాలిఫోర్నియాలో స్లాక్ ప్రయోగశాలలో 2023 సెప్టెంబరులో మొదటి ఎక్స్ కిరణాలు ఇచ్చిన ఎల్‌సీఎల్ఎస్-2 యంత్రం ఇలాంటి కేవిటీలతోనే నడుస్తోంది. అక్కడ అడిగిన క్యూ 2,700 కోట్లు.

ఇది చెప్పినప్పుడు మా నైనా కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఇదేం కొత్త? మేమూ అదే చేసేది" అన్నాడు. గేరును 920 డిగ్రీల్లో పెట్టి కార్బన్ ఎక్కిస్తారట. పై తోలు మాత్రం గట్టిపడాలి, లోపల గట్టిపడితే దెబ్బకు పగులుతుంది. నైట్రైడింగులో అయితే అమోనియా వదులుతారు, ఉక్కు పైన నత్రజని ఎక్కుతుంది. "అప్పుడు పైన తెల్లగా ఒక పొర కడుతుంది. వైట్ లేయరు. పెళుసు. చాలా పనులకి దాన్ని గ్రైండింగులో తీసెయ్యాల. వాళ్ళు అయిదు మైక్రాన్లు తీస్తారంటివే, అదే ఇది." మళ్ళీ తనే, "మాది గట్టిదనానికి. వాళ్ళది వేరే దేనికో. ఫర్నేసుకు అదంతా తెలీదు, దానికి తెలిసింది వేడి, నేరం, గ్యాసు" అన్నాడు.

ప్రసంగంలో అర్థం కాని సగం నాకు అక్కడ అర్థమైంది. నైనా భాషలో.

"డోపింగ్"కు తెలుగులో ఏమనాలి అని చాలా ఆలోచించాను. "మలినీకరణం" అనొచ్చేమో, కానీ ఆ మాట వింటే మురికి గుర్తొస్తుంది. మా ఇంట్లో ఉన్న మాటే సరిపోయింది. తోడు. పాలు బాగా కాచి, గోరువెచ్చగా ఆరనిచ్చి, ఒక చుక్క పెరుగు వేస్తాము. కాచకుండా వేస్తే పాలు విరుగుతాయి, ఎక్కువ వేస్తే పులుస్తుంది. పెరుగులా నత్రజని తనంతట తాను పెరగదు, అంత తేడా ఉంది. అయినా ముందు కాచడం, తరువాత కొలిచి కలపడం, సమయానికి ఆపడం, ఈ మూడూ ఒకటే.

ఇందులో నేను అతిగా సంతోషపడకుండా ఆపిన సంగతి కూడా ఉంది. నత్రజని తోడు పడిన కేవిటీ అన్నిట్లోనూ మేలు కాదు. చల్లబడేటప్పుడు చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం గోడల్లో చిక్కుకుంటే దానికి ఎక్కువ దెబ్బ తగులుతుంది. 120 డిగ్రీల్లో కాలినదాని అంత బలమైన క్షేత్రం దాకా కూడా సాధారణంగా పోలేదు. హాంబర్గ్ యంత్రం ఆగి ఆగి నడిచేది, ఒక్కో మీటరుకు రెండు కోట్ల ముప్పై ఆరు లక్షల వోల్టుల బలం కావాలి. కాలిఫోర్నియాది ఆగకుండా నడిచేది, కోటీ అరవై లక్షలు చాలు, కానీ వేడి తక్కువ పుట్టాలి. ఆ పనికి ఆ కాల్పు, ఈ పనికి ఈ కాల్పు. ఏది శ్రేష్ఠం అని విడిగా అడిగితే జవాబు లేదు.

ఇంకోటి కూడా ఉంది. తోడు పడేది పైన మాత్రమే. ఆ గోడ మందమంతా శుద్ధంగా ఉండాల్సిందే, ఆర్ఆర్ఆర్ 300 ఉండాల్సిందే. పైన పుట్టిన వేడిని హీలియం దాకా మోసేది ఆ లోపలి శుద్ధ లోహమే. అది మోయకపోతే పై పొర ఎంత బాగున్నా కేవిటీ నిలవదు.

లోహం మనిషి కాదు, భాష కూడా కాదు. నయోబియం గురించి చదివి తెలుగు గురించి తీర్పు చెప్పడం కుదరదని నాకు తెలుసు. కానీ "శుద్ధం" అనే మాటను నేను ఇదివరకు ఒకే వైపు నుంచి విన్నాను. కలిస్తే చెడింది, కలవకపోతే మంచిది, అంతే. లోకంలో శుద్ధి కోసం అంత తపస్సు చేసే ఈ మనుషులే, శుద్ధి అయిపోయాక తలుపు తీసి రెండు నిమిషాలు వేరే దాన్ని రానిస్తున్నారు. శుద్ధి అనవసరం అని కాదు. శుద్ధి చివరి మెట్టు కాదు, అందుకని.

ఇది నాకు సాకుగా కూడా పనికిరాదు. "నాది కలిసిన భాష, అదే గొప్ప" అని కూర్చోవడానికి లేదు. మూడు గంటల కాల్పు ముందు జరగాలి. నాకు ఛందస్సు సరిగా రాదు. పాత కావ్యం పక్కన టీక లేకుండా చదవలేను. అది లోపలి గోడ. అది కట్టుకోవాలి, అందుకే ఎం.ఏ. తెలుగుకే అప్లికేషను పెడుతున్నాను. మా నైనా "నేరం", మా అమ్మ వంటింటి మాటలు, వాటిని మాత్రం కాల్చి పోగొట్టుకోను. ఏ సభలో ఎంతవరకు అన్నది కొలుచుకోవడం నేర్చుకుంటాను. పరీక్షలో "సమయం" అని రాస్తాను. ఇంట్లో "నేరమైంది" అంటాను.

మా తమ్ముడు తెలుగు అర్థం చేసుకుంటాడు, మాట్లాడడు. అవ్వ తరువాత ఆ మాటలు మా ఇంట్లో ఎవరి నోట్లో ఉంటాయో తెలియదు. మన క్లాసులో పదకొండు మందిమి ఉన్నాం. కొందరి ఇళ్ళల్లో మగ్గాలున్నాయి, కొందరివి పూల అంగళ్ళు, ఒకరి ఇంట్లో బంగారు పని. ఆ పనుల్లో తెలుగు మాటలు, తమిళం కలిసిన తెలుగు మాటలు తప్పకుండా ఉంటాయి. అడిగి రాసుకుని రండి. ఒక్కొక్కరు పది మాటలు తెచ్చినా నూట పది. వచ్చే నెల గోడపత్రికలో ఈ కాగితం తీసేసిన చోట అవి అంటిద్దాం. నా వంతు మొదటి మాట నేను ఇచ్చేశాను. అర్థం రెండు వైపులా రాయండి, ఆంధ్ర నుంచి ఎవరైనా వచ్చి చదివినా నవ్వకుండా, ఒకవేళ నవ్వినా అర్థం చేసుకుని నవ్వేలా.